ఓటు ఇచ్చిన డిజ్రేలీ ఎందుకు ఓడిపోయాడు? బ్రిటన్ 1868 ఎన్నికల గురించి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1867లో పట్టణ కార్మికులకు ఓటు హక్కు కల్పించిన కన్సర్వేటివ్ నాయకుడు డిజ్రేలీ, ఏడాది తిరిగేసరికి వచ్చిన ఎన్నికల్లో ఎందుకు అంత ఘోరంగా ఓడిపోయాడు, కార్మికులకు కృతజ్ఞత లేకపోయిందా? అందరి ముందూ నోటితో చెప్పి ఓటు వేసే పద్ధతి ఫలితాన్ని ఎంతవరకు మార్చింది? ఆ ఎన్నికతో కార్మికులు పార్లమెంటులో అడుగుపెట్టారా?

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ ఎన్నికకు నాలుగు వాక్యాలు దక్కుతాయి: ఓటు హక్కును విస్తరించిన 1867 నాటి రెండో సంస్కరణ చట్టం, ఐర్లండ్ చర్చి వివాదం, లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ గెలుపు, ఆ తర్వాత వచ్చిన సంస్కరణలు. చాలా ఏళ్లు డిగ్రీ తరగతుల్లో ఈ కాలాన్ని పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, ఆ నాలుగూ నిజమే గానీ అసలు సంగతి వాటి మధ్య నుంచి జారిపోతుంది. 1868లో ఓటర్ల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఓటు వేయడం మాత్రం పాత పద్ధతిలోనే, నలుగురూ వింటుండగా సాగింది. బహిరంగ ఓటుతో బ్రిటన్‌లో జరిగిన చివరి సార్వత్రిక ఎన్నిక ఇదే. కాబట్టి ఏ నియోజకవర్గం ఫలితం అర్థం కావాలన్నా ఓటు ఎవరికి వచ్చిందని అడిగి ఆగిపోకూడదు. ఆ ఓటు వేస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నది ఎవరని కూడా అడగాలి.

ముందు కృతజ్ఞత సంగతి. డిజ్రేలీ కార్మికులకు ఓటు ఇచ్చాడనడం సగం నిజం. 1866లో గ్లాడ్‌స్టన్ ఇంతకన్నా చిన్న సంస్కరణ బిల్లు తెచ్చాడు. దాన్ని కన్సర్వేటివ్‌లూ, రాబర్ట్ లో అనే సభ్యుడి వెంట నడిచిన అసమ్మతి లిబరల్స్‌ కలిసి ఓడించారు. లిబరల్ ప్రధాని రస్సెల్ ప్రభుత్వం పడిపోయింది. డెర్బీ ప్రధానిగా, డిజ్రేలీ ఆర్థిక మంత్రిగా మైనారిటీ ప్రభుత్వం ఏర్పడింది. ఆ జులైలోనే హైడ్ పార్క్‌లో సభ జరపనివ్వకుండా గేట్లు మూసేస్తే జనం ఇనుప కంచె పడగొట్టి లోపలికి వెళ్లారు. 1867 మే 6న ప్రభుత్వం వద్దన్నా, ఓటు హక్కు కోసం పోరాడే రిఫార్మ్ లీగ్ అనే సంఘం అదే పార్కులో భారీ సభ జరిపింది. ప్రభుత్వం ఏమీ చేయలేక చూస్తూ ఉండిపోయింది. హోం మంత్రి వాల్పోల్ రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఈ వాతావరణంలో డిజ్రేలీ తెచ్చిన బిల్లు మొదట చాలా పొదుపైనది. పట్టణంలో ఇల్లు ఉన్న ప్రతి పురుషుడికీ ఓటు అంటూనే, రెండేళ్లు అక్కడే కాపురం ఉండాలి, స్థానిక పన్ను తన చేత్తో తానే కట్టాలి అని షరతులు పెట్టాడు. ఆ రోజుల్లో పేదల ఇళ్ల పన్నును చాలా చోట్ల ఇంటి యజమానే కట్టి, అద్దెలో కలిపి వసూలు చేసేవాడు. అలాంటి అద్దెదారులకు ఓటు రాదు. అంటే నిజమైన కార్మికుల్లో పెద్ద భాగం బయటే ఉండిపోతుంది. మే 17న న్యూఆర్క్ సభ్యుడు హాడ్కిన్సన్ ఒక సవరణ పెట్టాడు: యజమాని ద్వారా పన్ను కట్టే పద్ధతినే ఎత్తేయాలని. డిజ్రేలీ మంత్రివర్గాన్ని సంప్రదించకుండానే అక్కడికక్కడ ఒప్పుకున్నాడు. ఆ ఒక్క సవరణతో లక్షల మంది కొత్తగా అర్హులయ్యారు. కాపురం గడువు రెండేళ్ల నుంచి ఏడాదికి తగ్గింది. ఏడాదికి 10 పౌండ్ల అద్దె కట్టే గదివాసులూ చేరారు. సభలో మెజారిటీ లేని ప్రభుత్వం గ్లాడ్‌స్టన్ చేతికి మాత్రం పేరు దక్కకూడదన్న పట్టుదలతో, లిబరల్ బెంచీల నుంచి వచ్చిన సవరణలను ఒకదాని వెంట ఒకటి మింగింది. డెర్బీయే దీన్ని చీకట్లోకి దూకడమన్నాడు.

అదంతా పత్రికల్లో రోజూ వచ్చేది. తమకు ఓటు తెచ్చింది లిబరల్ సభ్యుడు జాన్ బ్రైట్ ప్రసంగాలనీ, హైడ్ పార్క్ సభలనీ, లిబరల్స్ సవరణలనీ కార్మికులకు బాగా తెలుసు. అందువల్ల వాళ్లు డిజ్రేలీకి రుణపడినట్టు అనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ లేదు. ఓటును దానంగా చూసే ప్రశ్ననే నేను ఒప్పుకోలేను. 1867 నాటి కార్మికుడు దాన్ని కొట్లాడి తెచ్చుకున్న హక్కుగానే చూశాడు.

లెక్క చెప్పాలంటే యునైటెడ్ కింగ్‌డమ్ మొత్తం మీద ఓటర్లు సుమారు 14 లక్షల నుంచి 25 లక్షలకు చేరువయ్యారు. అప్పటికీ వయోజన పురుషుల్లో దాదాపు మూడో వంతుకే ఓటు. పల్లెల్లో, అంటే కౌంటీ నియోజకవర్గాల్లో 12 పౌండ్ల విలువ ఉన్న ఆస్తిని అనుభవిస్తున్నవాడికే ఓటు. వ్యవసాయ కూలీకి లేదు, 1884 చట్టం దాకా రాలేదు. ఈ పెరుగుదల కూడా అన్ని చోట్లా ఒకేలా లేదు. దక్షిణ వేల్స్‌లో ఇనుము, బొగ్గు పట్టణమైన మెర్థిర్ టిడ్విల్‌లో 1,387 మంది ఓటర్లు ఒక్కసారిగా 14,577 మంది అయ్యారు. పదింతలకు పైగా. చాలా చిన్న పట్టణాల్లో మాత్రం పెద్ద మార్పేమీ కనిపించదు. జాతీయ సగటు చూసి ఈ ఎన్నికను అంచనా వేయవద్దని నేను విద్యార్థులకు పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

ఇక ఓటమికి అసలు కారణం. ఎన్నిక సంస్కరణ చట్టం మీద జరగలేదు, ఐర్లండ్ మీద జరిగింది. 1861 జనగణన ప్రకారం ఐర్లండ్ జనాభా దాదాపు 58 లక్షలు. అందులో 45 లక్షల మంది కేథలిక్కులు. ఆంగ్లికన్ చర్చికి చెందినవాళ్లు 7 లక్షల లోపు. అయినా ఆ కొద్దిమంది చర్చికే రాజ్య గుర్తింపు, దానికే భూముల ఆదాయం. 1867లో ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరే ఫీనియన్ విప్లవకారుల తిరుగుబాటు ప్రయత్నం, నవంబరులో మాంచెస్టర్‌లో ముగ్గురి ఉరి, డిసెంబరులో లండన్ క్లర్కెన్‌వెల్ జైలు గోడ దగ్గర పేలుడు, దాని వల్ల చుట్టుపక్కల ఇళ్లలోని సామాన్యుల చావులు. ఇవి జరిగాక ఐర్లండ్‌ను పక్కన పెట్టడం ఎవరికీ సాధ్యం కాలేదు.

1868 ఫిబ్రవరి చివర్లో డెర్బీ అనారోగ్యంతో తప్పుకుని డిజ్రేలీ ప్రధాని అయ్యాడు. మార్చిలోనే గ్లాడ్‌స్టన్ ఐర్లండ్ చర్చికి రాజ్య గుర్తింపు తీసేయాలని తీర్మానాలు పెట్టాడు. సంస్కరణ బిల్లు మీద ముక్కలైన లిబరల్ పార్టీ ఈ ఒక్క విషయం మీద మళ్లీ కూడింది. ఎలా కూడిందో చూస్తే గ్లాడ్‌స్టన్ పనితనం తెలుస్తుంది. ఐర్లండ్ కేథలిక్కులకు అది న్యాయం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆంగ్లికన్ కాని ప్రొటెస్టంట్లకు, అంటే మెథడిస్టు, బాప్టిస్టు, కాంగ్రిగేషనలిస్టు ప్రార్థనా మందిరాలకు వెళ్లేవాళ్లకు, అది అధికార మతం ఆధిపత్యానికి తొలి దెబ్బ. స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్లలో చాలామందికీ అది నచ్చింది. ఒకరినొకరు నమ్మని మూడు వర్గాలను ఒకే నినాదం కిందికి తెచ్చాడు. ప్రభుత్వం సభలో 50కి పైగా ఓట్ల తేడాతో ఓడింది. అయినా డిజ్రేలీ వెంటనే దిగిపోలేదు. కొత్త చట్టం కింద ఓటర్ల జాబితాలు తయారు కావాలి కాబట్టి నవంబరు దాకా ఆగి, అప్పుడు రాణి చేత పార్లమెంటును రద్దు చేయించాడు.

పోలింగ్ నవంబరు 17 నుంచి డిసెంబరు 7 దాకా, ఒక్కో చోట ఒక్కో రోజున జరిగింది. ఒక ఊరి ఫలితం తెలిశాక పక్క ఊరు ఓటు వేసేది. ఒక చోట ఓడిన నాయకుడు మరో చోట గెలవడానికీ దీనివల్ల వీలుండేది. గ్లాడ్‌స్టన్ విషయంలో సరిగ్గా అదే జరిగింది, ఆ సంగతికి వస్తాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. బహిరంగ ఓటు ఎలా ఉండేదో కళ్లకు కట్టుకుంటే తప్ప దాని బలం అర్థం కాదు. నామినేషన్ రోజున ఊరి మధ్య చెక్కలతో ఎత్తైన వేదిక కడతారు. అభ్యర్థుల పేర్లు ప్రతిపాదించి, బలపరిచి, ప్రసంగాలు చేస్తారు. కింద ఓటు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి కేకలు వేస్తారు, చేతికి దొరికింది విసురుతారు. రిటర్నింగ్ అధికారి చేతులెత్తమంటాడు. ఓడినవాళ్లు పోలింగ్ కోరతారు. పోలింగ్ రోజున ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా ఓటరు బల్ల దగ్గరికి వచ్చి పేరు చెబుతాడు. గుమాస్తా జాబితాలో చూసి, ఓటు ఎవరికని అడుగుతాడు. ఓటరు పైకి చెబుతాడు. గుమాస్తా పోల్ పుస్తకంలో ఆ ఓటరు పేరుకు ఎదురుగా, ఆ అభ్యర్థి గడిలో గీత గీస్తాడు. పక్కనే ఇరుపక్షాల ఏజెంట్లు తమ జాబితాల్లో గుర్తు పెట్టుకుంటారు. వాళ్ల వెనక ఇంటి యజమాని మనిషో, మిల్లు మేస్త్రీయో, ప్రార్థనా మందిరం పెద్దో నిలబడి ఉండవచ్చు. గంట గంటకూ ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో బయట చెబుతారు. మధ్యాహ్నానికి ఎన్ని తక్కువ పడ్డాయో తెలుస్తుంది కాబట్టి ఇంకా ఓటు వేయనివాళ్ల ధర పెరుగుతుంది.

ఎన్నికయ్యాక చాలా ఊళ్లలో ఆ పోల్ పుస్తకాన్ని అచ్చు వేసి అమ్మేవాళ్లు. ఫలానా వీధిలో ఫలానా చెప్పులు కుట్టేవాడు ఎవరికి ఓటు వేశాడో కొనుక్కుని చదవవచ్చు. వర్తకుడు తన ఖాతాదారుల మనసు తెలుసుకునేవాడు, ఖాతాదారు వర్తకుడి మనసు తెలుసుకునేవాడు. ఎదుటి పక్షానికి ఓటేసిన దుకాణంలో కొనడం మానేయడం మామూలు విషయం.

ఇంకొక్క సంగతి ఇక్కడే చెప్పాలి. 1867 నవంబరులో మాంచెస్టర్ ఉప ఎన్నికలో లిలీ మాక్స్‌వెల్ అనే చిన్న దుకాణదారు పేరు పొరపాటున ఓటర్ల జాబితాలో చేరింది. ఆమె వెళ్లి జేకబ్ బ్రైట్‌కు అని పైకి చెప్పి ఓటు వేసింది. ఓటు లెక్కలోకి వచ్చింది. మరుసటి ఏడాది ఆ ఊళ్లో వేలాది మంది మహిళలు తమ పేర్లు చేర్చమని దరఖాస్తు పెట్టారు. సరిగ్గా ఎన్నికలకు ముందు నవంబరులో న్యాయస్థానం, మహిళలకు ఆ హక్కు లేదని తీర్పు చెప్పింది. పాఠ్య పుస్తకాలు వదిలేసే ఈ ఘట్టాన్ని మీరు వదలకండి.

బహిరంగ ఓటు ఒకే దిక్కుకు లాగలేదు. ఇది చాలామంది పొరబడే చోటు. లాంకషైర్ నూలు మిల్లుల పట్టణాలు చూడండి. అక్కడ కొత్త ఓటర్లు దాదాపు అందరూ కార్మికులే. అయినా ఆ ప్రాంతంలో కన్సర్వేటివ్‌లు ఘనంగా గెలిచారు. ఒక కారణం, పనుల కోసం వలస వచ్చిన ఐరిష్ కేథలిక్కుల మీద స్థానికుల్లో ఉన్న ద్వేషం. ఐర్లండ్ చర్చిని కాపాడాలన్న మాట అక్కడ బాగా పారింది. రెండో కారణం మిల్లు యజమాని. బ్లాక్‌బర్న్‌లో మిల్లు యజమాని హార్న్‌బీ, ఫీల్డెన్ అనే ఇద్దరు కన్సర్వేటివ్‌లు గెలిచారు. ఎదుటి పక్షం వాళ్లను పనుల్లోంచి తీసేసి బెదిరించారన్న ఫిర్యాదు మీద విచారణ జరిపి 1869లో ఆ ఎన్నికను కొట్టేశారు. ఉప ఎన్నికలో ఆ ఇద్దరి కొడుకులు నిలబడి గెలిచారు. ఇది వట్టి బెదిరింపు అని తేల్చేయలేం. ఒకే మిల్లు చుట్టూ ఇళ్లు, బడి, చర్చి ఉన్న చోట యజమాని పక్షమే తమ పక్షమని కార్మికులు నిజంగానే అనుకున్నారు. భయమూ విధేయతా ఎక్కడ విడిపోతాయో పోల్ పుస్తకంలోని గీత చెప్పదు.

గ్లాడ్‌స్టన్ స్వయంగా లాంకషైర్ నైరుతి నియోజకవర్గంలో 260కి పైగా ఓట్ల తేడాతో ఓడిపోయాడు. లండన్ పక్కన గ్రీనిచ్‌లో ముందే ఆయన పేరు పెట్టి గెలిపించి ఉండడం వల్ల సభలో చోటు దక్కింది. లిబరల్ నాయకుల్లో ముఖ్యుడైన హార్టింగ్టన్ ఉత్తర లాంకషైర్‌లో ఓడిపోయి, వేల్స్‌లో మరో చిన్న స్థానం వెతుక్కున్నాడు.

వేల్స్ కథ దీనికి తలకిందులు. అక్కడ భూమి ఆంగ్లికన్ భూస్వాములది, సాగు చేసే కౌలుదారు ప్రార్థనా మందిరానికి వెళ్లే నాన్‌కన్ఫర్మిస్టు, అంటే ఆంగ్లికన్ కాని ప్రొటెస్టంటు. తరతరాలుగా కౌలుదారు ఓటు భూస్వామి జేబులో ఉండేది. 1868లో ఆ కౌలుదార్లు భూస్వామి ఏజెంటు కళ్ల ముందే లిబరల్ పేరు చెప్పారు. కార్డిగాన్‌షైర్‌లో లిబరల్ అభ్యర్థి రిచర్డ్స్ 156 ఓట్లతో గెలిచాడు. కార్నార్వన్‌షైర్‌లో స్లేటు గనుల ప్రభువు పెన్రిన్ కొడుకే ఓడిపోయాడు. మెర్థిర్‌లో శాంతి ఉద్యమ నాయకుడు హెన్రీ రిచర్డ్ 11,683 ఓట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. గని కార్మికుల కోపానికి గురైన సిట్టింగ్ లిబరల్ సభ్యుడు బ్రూస్ 5,776 ఓట్లతో మూడో స్థానంలో ఉండిపోయాడు. అంటే అక్కడ కార్మికులు ఒక లిబరల్‌ను తీసి మరో లిబరల్‌ను పెట్టారు. పార్టీ గెలిచిందని చెప్పి ఊరుకుంటే ఈ సంగతి కనిపించదు.

దానికి మూల్యం మరుసటి ఏడాది చెల్లించారు. కార్డిగాన్‌షైర్, కార్మార్థన్‌షైర్ భూస్వాములు పదుల సంఖ్యలో కౌలుదార్లకు భూమి ఖాళీ చేయమని నోటీసులు ఇచ్చారు. తాతల నాటి నుంచి సాగు చేస్తున్న పొలాలు, తమ చేతులతో కట్టుకున్న ఇళ్లు వదిలి కుటుంబాలు బయటికి నడిచాయి. వాళ్లు చేసిన తప్పు, అడిగిన ప్రశ్నకు నిజం చెప్పడం. 1869లో హెన్రీ రిచర్డ్ ఈ సంగతిని కామన్స్ సభ ముందు పెట్టాడు. బాధితుల కోసం చందాలు వసూలు చేశారు. హార్టింగ్టన్ అధ్యక్షతన వేసిన కమిటీ సాక్ష్యాలు తీసుకుంది. నా దృష్టిలో 1868 ఎన్నికలో అతి ముఖ్యమైన ఘట్టం గ్లాడ్‌స్టన్ గెలుపు కాదు, ఈ కౌలుదార్ల ధైర్యం. రహస్య ఓటు కోసం అంతకు ముందు దశాబ్దాల పాటు చెప్పిన వాదనలు చేయలేని పని ఆ నోటీసులు చేశాయి.

ఆ వాదనల్లో ఒకటి తెలుసుకోవాలి. రహస్య ఓటును వ్యతిరేకించినవాళ్లలో తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో 35 ఏళ్లు పనిచేసినవాడు, 1867లో మహిళలకు ఓటు ఇవ్వాలని కామన్స్‌లో సవరణ పెట్టి 73 ఓట్లు సంపాదించినవాడు. ఆయన వాదన ఏమిటంటే, ఓటు సొంత ఆస్తి కాదు, సమాజం తరఫున నిర్వహించే బాధ్యత, కాబట్టి ఓటు లేనివాళ్లు కూడా చూస్తుండగా వేయాలి. ఓటు కొద్దిమందికే ఉన్నప్పుడు ఈ మాటలో కొంత బలం ఉంది. తిండి గింజలు పండే పొలం మరొకడి చేతిలో ఉన్నవాడికి మాత్రం ఇది పనికిరాదు. 1868లో వెస్ట్‌మిన్‌స్టర్ స్థానంలో మిల్, పుస్తకాలూ పత్రికలూ అమ్మే వ్యాపార సంస్థ అధిపతి డబ్ల్యు. హెచ్. స్మిత్ చేతిలో ఓడిపోయాడు. నాస్తికుడైన చార్లెస్ బ్రాడ్‌లాకు ఎన్నికల ఖర్చుకు చందా పంపడం మిల్‌కు చాలా ఓట్లు పోగొట్టింది.

బర్మింగ్‌హామ్ గురించి కూడా అడగవలసిందే గానీ మీరు అడగలేదు. 1867 చట్టంలో ఒక మెలిక ఉంది. మూడు స్థానాలున్న పెద్ద నగరాల్లో ఓటరుకు రెండే ఓట్లు. అల్పసంఖ్యలో ఉన్న పక్షానికీ ఒక స్థానం దక్కాలన్నది ఉద్దేశం. బర్మింగ్‌హామ్ లిబరల్స్ వార్డుల వారీగా సంఘాలు పెట్టి, ఏ వార్డు వాళ్లు ఏ ఇద్దరికి వేయాలో ముందే పంచిపెట్టారు. ఫలితం: డిక్సన్ 15,198, మంట్జ్ 14,614, బ్రైట్ 14,601. మూడూ లిబరల్స్‌కే. ఎదుటి పక్షం మొదటి అభ్యర్థి తొమ్మిది వేలు కూడా దాటలేదు. ఇంత సమంగా ఓట్లు పంచగలగడం చూస్తే ఆధునిక పార్టీ యంత్రాంగం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఓటు బహిరంగంగా ఉండడం వల్ల ఎవరు మాట తప్పారో సంఘానికి వెంటనే తెలిసేదన్న విషయం కూడా గుర్తుంచుకోండి.

డబ్బు సంగతి రెండు మాటల్లో. యార్క్‌షైర్‌లోని బెవర్లీ పట్టణంలో ఓటుకు లంచం ఆనవాయితీ. 1868లో అక్కడ లిబరల్‌గా నిలబడ్డ ఒక ప్రసిద్ధ నవలా రచయిత 740 ఓట్లతో చివరి స్థానంలో మిగిలాడు. గెలిచిన కన్సర్వేటివ్‌ల మీద పిటిషన్ పడింది. అంతకు ముందు ఇలాంటి ఫిర్యాదులను కామన్స్ సభ కమిటీలే విచారించేవి. 1868లో వచ్చిన చట్టం ఆ పనిని న్యాయమూర్తులకు అప్పగించింది. న్యాయమూర్తి ఎన్నిక రద్దు చేశాడు, రాయల్ కమిషన్ ఊళ్లోని కుళ్లు బయటపెట్టింది. 1870లో ఆ పట్టణానికి ప్రతినిధిని పంపే హక్కే తీసేశారు. ఐర్లండ్‌లో స్లైగో, కాషెల్ పట్టణాలకూ అదే గతి పట్టింది.

మొత్తం ఫలితం: 658 స్థానాల్లో లిబరల్స్ 387, కన్సర్వేటివ్‌లు 271. ఇందులో రెండు వందలకు పైగా స్థానాలకు పోటీయే జరగలేదని మరిచిపోకండి. స్కాట్లండ్‌లోని 60 స్థానాల్లో కన్సర్వేటివ్‌లకు పది లోపే దక్కాయి. ఐర్లండ్‌లో, వేల్స్‌లో లిబరల్స్‌దే పైచేయి. ఇంగ్లండ్ కౌంటీలు మాత్రం కన్సర్వేటివ్‌లతోనే ఉన్నాయి. అందులో డిజ్రేలీ ముందుచూపు కూడా ఉంది. చిన్న పట్టణాల నుంచి తీసేసిన స్థానాల్లో దాదాపు సగం ఆయన కౌంటీలకు ఇప్పించాడు. పొరుగు పట్టణాల ఓటర్లు కౌంటీల్లో కలవకుండా హద్దులు గీయించాలనీ చూశాడు. ఓటమిలో కూడా పార్టీ పునాది చెక్కుచెదరకుండా మిగలడానికి అది ఉపయోగపడింది. 1874లో ఆయన తిరిగి గెలవడానికి బలం అక్కడి నుంచే వచ్చింది.

రాజరికం ఉన్న దేశంలో ఈ ఎన్నిక ఇంకో మార్పు కూడా తెచ్చింది. అంతకు ముందు ఎన్నికల్లో ఓడిన ప్రధాని కొత్త పార్లమెంటును ఎదుర్కొని, అక్కడ ఓటింగ్‌లో ఓడాకే దిగిపోయేవాడు. 1841లో మెల్‌బోర్న్, 1859లో డెర్బీ అలాగే చేశారు. డిజ్రేలీ ఆ ముచ్చట కోసం ఆగకుండా డిసెంబరు మొదట్లోనే విక్టోరియా రాణికి రాజీనామా ఇచ్చాడు. ప్రభుత్వాన్ని నిర్ణయించేది సభ్యుల ఓటింగ్ కన్నా ముందు ఓటర్ల తీర్పేనని అలా ఒప్పుకున్నట్టయింది. 1874లో గ్లాడ్‌స్టన్, 1880లో మళ్లీ డిజ్రేలీ ఇదే దారి పట్టారు. ఐర్లండ్ చర్చి విషయంలో గ్లాడ్‌స్టన్ విధానం రాణికి ఇష్టం లేదు. అయినా పిలవక తప్పలేదు. కబురు చేరినప్పుడు ఆయన హావర్డెన్ ఎస్టేటులో చెట్టు కొడుతున్నాడనీ, టెలిగ్రాం చదివి కాసేపటికి, ఐర్లండ్‌ను శాంతింపజేయడమే తన కర్తవ్యం అన్నాడనీ పక్కనున్న ఈవ్లిన్ యాష్లీ చెప్పాడు.

ఆ మంత్రివర్గంలో భారత వ్యవహారాల మంత్రి ఆర్గైల్ డ్యూక్, ఉపమంత్రి మౌంట్‌స్టువర్ట్ గ్రాంట్ డఫ్. ఈ గ్రాంట్ డఫ్ స్కాట్లండ్ ఉత్తరాన ఎల్గిన్ పట్టణాల ప్రతినిధి. 1881 నుంచి 1886 దాకా మద్రాసు గవర్నరుగా పనిచేసింది ఈయనే, అంటే కోస్తా జిల్లాలనూ రాయలసీమనూ పాలించినవాడు. ఎల్గిన్‌లో చేపలు పట్టేవాడికి 1868లో ఆయనను ఎన్నుకునే అవకాశం వచ్చి ఉండవచ్చు, గుంటూరు రైతుకు అలాంటి అవకాశం ఏనాడూ రాలేదు.

రహస్య ఓటు బిల్లును 1871లో ప్రభువుల సభ తిప్పికొట్టింది. 1872 జులైలో అది చట్టమైంది. ఆగస్టు 15న యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్ ఉప ఎన్నికలో మొదటిసారి కాగితం మీద గుర్తు పెట్టి పెట్టెలో వేశారు. ఆ ఊరు అతిమధురం మిఠాయిలకు పేరు. ఆ మిఠాయిల మీద వేసే ముద్రతోనే లక్క మీద అచ్చు వేసి పెట్టెకు సీలు వేశారు. ఆ పెట్టె ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. నామినేషన్ రోజు వేదికలూ, చేతులెత్తడాలూ అదే చట్టంతో పోయాయి. 1874లో రహస్యంగా ఓటు వేయగలిగిన ఐర్లండ్ కౌలుదార్లు లిబరల్స్‌ను వదిలి పెద్ద సంఖ్యలో హోమ్ రూల్, అంటే ఐర్లండ్‌కు స్వపరిపాలన కోరే అభ్యర్థులను గెలిపించారు. రహస్య ఓటు తెచ్చిన గ్లాడ్‌స్టన్‌కే దాని నష్టం తగిలింది. మీరు డిజ్రేలీ గురించి అడిగిన కృతజ్ఞత ప్రశ్నను ఆరేళ్ల తర్వాత ఇటు తిప్పి అడిగినా నా జవాబు అదే.

కార్మికులు పార్లమెంటులో అడుగుపెట్టారా అన్న మూడో ప్రశ్నకు జవాబు: లేదు. 1868లో ఒక్క కార్మికుడూ పార్లమెంటుకు గెలవలేదు. రిఫార్మ్ లీగ్ కార్యదర్శి, తాపీ పనివాడు జార్జ్ హావెల్ ఐల్స్‌బరీలో, వడ్రంగి క్రీమర్ వార్విక్‌లో ఓడిపోయారు. చెప్పులు కుట్టే జార్జ్ ఆడ్జర్ చెల్సీలో లిబరల్స్ ఓట్లు చీలకూడదని పోటీ నుంచి తప్పుకున్నాడు. బాధ కలిగించే విషయం ఏమిటంటే, శామ్యూల్ మార్లీ వంటి ధనిక లిబరల్స్ ఇచ్చిన నిధితో ఆ రిఫార్మ్ లీగే ఊరూరా తిరిగి కొత్త ఓటర్లను లిబరల్ అభ్యర్థుల వైపు కూడగట్టింది. తన సొంత మనుషులను గెలిపించుకోవడానికి మాత్రం దానికి చేయూత అందలేదు. పోటీ ఖర్చు వేల పౌండ్లు, పైగా రిటర్నింగ్ అధికారి ఖర్చులు కూడా అభ్యర్థులే భరించాలి. మొదటి ఇద్దరు కార్మిక ప్రతినిధులు, మార్పెత్ నుంచి థామస్ బర్ట్, స్టాఫర్డ్ నుంచి అలెగ్జాండర్ మెక్డొనాల్డ్, ఇద్దరూ గని కార్మికులే, 1874లో గెలిచారు. సభ్యులకు జీతం లేదు కాబట్టి బర్ట్‌ను గని కార్మికుల సంఘమే పోషించింది. పార్లమెంటు సభ్యుడికి ఏడాదికి 400 పౌండ్ల జీతం ఇవ్వడం 1911లో గానీ మొదలు కాలేదు.